మరిచిపోయే వంతు

నమోదు 1: సోమవారం, పోటు మీద

మా ఇంట్లోవాళ్ళ దృష్టిలో నేను కుదురులేని మనిషిని. ఇవాళ గుడివాడలో బయల్దేరుతుంటే కూడా అమ్మ ఫోన్లో మా మేనత్తతో అదే చెబుతోంది. "దానికి ఎక్కడా కాలు నిలవదు వదినా. నాలుగు ఉద్యోగాలు వదిలేసింది. ఇప్పుడు నీళ్ళ మధ్య మెరకల మీద ఏదో బళ్ళో మిషను పక్కన కూర్చునే పనంట." నాన్నది ఇంకో లెక్క: పని కష్టమయ్యేసరికి హిమజ పారిపోతుంది. అక్క అయితే నేను వదిలేసిన ప్రతి ఊళ్ళోనూ ఒక అబ్బాయిని ఊహించుకుని, వాడితో చెడిందని తేల్చేసింది. ఆ ఊళ్ళలో అంతమంది అబ్బాయిలే ఉంటే నేనెందుకు వదిలేస్తాను?

అసలు సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఒక పని ఎందుకు అలా జరుగుతోందో తెలియనంతవరకు నన్ను ఆ చోటు నుంచి ఎవరూ కదపలేరు. తెలిసిపోయాక ఎవరూ ఆపలేరు. పాల కేంద్రంలో మంగళవారం పాలే ఎందుకు విరుగుతున్నాయో కనిపెట్టిన వారానికి మానేశాను. అంతే. అందులో అబ్బాయి లేడు, బర్రెలున్నాయి.

ఈ ఉద్యోగం పేరు వివరణ సహాయకురాలు. హెచ్చెమ్ గారికి అంతుపట్టని వాటికి కారణం వెతికి చెప్పాలి. వెతికేటప్పుడు నా ఆలోచన ఎటు నడిచిందో సొంత మాటల్లో ఇలా రాసి ఉంచాలి. దీన్ని హెచ్చెమ్ గారు చూడకూడదు, నా తర్వాత వచ్చే మనిషి మాత్రమే చూడాలి. ఉద్యోగంలో నాకు నచ్చిన మొదటి నిబంధన ఇది.

పడవ గుల్లలమెరకకు చేరేసరికి నీళ్ళు రేవు మెట్లను సగం మింగేశాయి. దిగుతుంటే పడవ నడిపేవాడు అడిగాడు. "కొత్త టీచరుగారా?"

"కాదు. హెచ్చెమ్ గారికి సందేహం వస్తే తీర్చేదాన్ని."

అతను ఇంజన్ ఆపి మరీ నవ్వాడు. "ఆయనక్కూడా సందేహాలొత్తయ్యా?"


నమోదు 2: మంగళవారం

బడి సిమెంటు స్తంభాల మీద ఉంది. కింద నీళ్ళు, పైన రెండు గదులు, ఒక వంట వసారా. ప్రతి గది గోడలోనూ అరచేతి వెడల్పున జల్లెడలాంటి రేకు ఉంటుంది. హెచ్చెమ్ గారు అందులోంచి వింటారు, అందులోంచే మాట్లాడతారు. హాజరు, టైంటేబుల్, ప్రోగ్రెస్ కార్డులు, మధ్యాహ్న భోజనం గుడ్లు, టీచర్ల బదిలీలు, అన్నీ ఆయనే. మనిషి కాదని అందరికీ తెలుసు. అయినా "గారు" తగిలించకుండా ఎవరూ పిలవరు. నేనూ పిలవలేకపోతున్నాను.

మూడో తరగతి టీచరు పేరు సువార్త. నలభై దగ్గర పడిన మనిషి, గొంతు మాత్రం కాలేజీ అమ్మాయిది. ఆమె పిల్లల వైపు తిరిగే ముందు గోడ వైపు తిరిగింది. "హెచ్చెమ్ గారూ, మూడో తరగతి, తెలుగు, పైకి చదవడం. మొదలెడుతున్నానండి." ఏం చేస్తున్నా గోడకు చెప్పి చేయడం టీచర్లందరికీ అలవాటు. అలా చెబితే రాయాల్సిన రిపోర్టులన్నీ అవే తయారవుతాయి. బయటకు వెళ్ళొస్తానన్న పిల్లాడు కూడా టీచరుకు చెప్పి, ఒకసారి గోడకు చెప్పి వెళ్ళాడు.

చదవడం మొదలైంది. తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే పాఠం. చాలామంది గడగడా చదివేశారు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పిల్లాడు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. "తా... తా..." అని గోడ వైపు చూశాడు, మళ్ళీ పుస్తకం వైపు చూశాడు. ఇంకో ముగ్గురు కూడా అంతే.

"పోయిన వారం నువ్వే కదరా దీన్ని పాటలాగా చదివావు?" అంది సువార్త. పిల్లాడు తల దించుకున్నాడు. సువార్త ముఖంలో రంగు పోయింది.

బడి వదిలాక గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఈ తరగతిలో మరుపు ఉంది," అన్నారు హెచ్చెమ్ గారు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ తెలుగు. "అది ఒక పిల్లవాడి దగ్గర నిలవదు. ఈ వారం నలుగురు మరిచిపోతారు. వచ్చే వారం వారికి చదువు తిరిగి వస్తుంది, మరో నలుగురు మరిచిపోతారు. జ్వరం వల్ల అయితే గుర్తించగలను. ఆకలి వల్ల అయితే గుర్తించగలను. ఇది నాకు తెలియదు."

"తెలియదని ఒప్పుకోవడం బాగుంది హెచ్చెమ్ గారూ."

"ధన్యవాదాలు. దాన్ని లోపం అనేవారే ఎక్కువ."

శుక్రవారం పఠనంలో అందరూ తడబడకుండా చదివితే ఆ తరగతి గీత దాటినట్టు. ఈ ఏడు ఈ తరగతి ఒక్కసారీ దాటలేదు. ఈ నెలాఖరుకి కూడా దాటకపోతే, నేను కారణమూ చెప్పలేకపోతే, పిల్లలందరినీ ఒడ్డు మీద, చదువులో వెనకబడ్డవాళ్ళ కోసం పెట్టిన పూరక వసతి గృహానికి పంపిస్తారు. వేసవి దాకా అక్కడే ఉండాలి.

మరుపు తిరుగుతుందట! ఇవాళ నాకు అన్నం సహించలేదు. దిగులుతో కాదు, సంతోషంతో.


నమోదు 3: గురువారం

కారణాలు రాసుకుంటూ కొట్టేస్తున్నాను. నీళ్ళలో ఏదైనా కలుస్తోందా? అయితే ఒకటి రెండు తరగతుల పిల్లలకూ మరుపు రావాలి. రాలేదు. గోడకు వినబడడంలో తేడానా? నా చెవులతో నేను విన్నాను కదా. పిల్లలకు సువార్త టీచరంటే భయమా? ఇది అన్నింటికంటే ముందు కొట్టేశాను. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకోవడానికి పిల్లలు కొట్టుకుంటారు.

మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని తిన్నాను. గోంగూర ముద్ద కలిపింది గాని నోట్లో పెట్టుకోలేదు.

"నన్ను గమనించడానికి పంపారా మిమ్మల్ని?" అంది.

"మరుపును గమనించడానికి."

"ఒకటే లెండి." ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేసింది. "ఎన్ని మెరకలు తిరిగానో నాకే గుర్తులేదు. ఎక్కడికెళ్ళినా పిల్లలు ఆర్నెల్లలో చదివేసేవారు. గీత దాటగానే నన్ను ఇంకో మెరకకు వేసేవారు. సామాను కూడా పెంచుకోలేదు నేను, ఒక కుక్కరు, రెండు చాపలు. ఎప్పుడు కబురొస్తే అప్పుడు పడవెక్కడమే. ఇక్కడికొచ్చాక ఏమైందో తెలీదు. చెప్పింది చెప్పినట్టు కారిపోతంది పిల్లల్లోంచి."

"మీ తప్పని ఎందుకనుకుంటున్నారు?"

"పిల్లలదంటారా మరి?" ఆమె గొంతు పెరిగింది. వెంటనే గోడ ఉందని గుర్తొచ్చి తగ్గించుకుంది. "నెలాఖరుకి మానేస్తున్నానండి. మా తమ్ముడు రొయ్యల చెరువుల దగ్గర మేత కొట్టు పెట్టాడు. అక్కడ కూర్చుంటా. రొయ్యలు చదవక్కర్లేదు కదా."

నవ్వాలనే అంది. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం బడి మూసేటప్పుడు ఆమె గోడకు చెప్పేది విన్నాను. రోజూ చెబుతుందట. "హెచ్చెమ్ గారూ, ఇవాళ కూడా నా వల్ల కాలేదండి." "స్వీయ మూల్యాంకనం నమోదైంది," అన్నారు హెచ్చెమ్ గారు.


నమోదు 4: ఆదివారం, నీళ్ళు తీసే పాటు మీద

నేను అద్దెకుండేది అంకమ్మ ఇంట్లో. భర్త వేటకు పోతే వారం దాకా రాడు. కూతురు నాగమోక్ష మూడో తరగతే. సన్నగా, నల్లగా, కళ్ళు ఎప్పుడూ ఏదో లెక్క వేస్తున్నట్టుండే పిల్ల. నన్ను 'ఎందుకు మేడం' అంటుంది. నేను రోజంతా ఎందుకు, ఎందుకు అని అడుగుతానట.

ఇవాళ పొద్దున మంచినీళ్ళ ట్యాంకు దగ్గరికి బిందె పట్టుకెళ్ళాను. ఉప్పు తీసిన నీళ్ళు ఈ మెరకకంతా ఆ ఒక్క ట్యాంకులోనే. ఒక ఇంటి గుమ్మానికి ఎర్రటి డబ్బా మూత వేలాడదీసి ఉంది. ఆ ఇంటామె బిందె పక్కన పెట్టుకుని తీరిగ్గా చూస్తోంది.

"ఇవాళ ఆవిడ వంతు," అంది అంకమ్మ.

"వంతైతే ముందు పట్టుకోవచ్చు కదా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "ఒడ్డు మీద అట్టాగేమో తల్లీ!" అని ఒకామె బుగ్గలు నొక్కుకుంది.

అంకమ్మ నా మీద జాలిపడి చెప్పింది. "ఇక్కడ వంతంటే ఆఖర్న పట్టుకోవాల. ఆఖరోళ్ళకి ఒక్కోసారి అడుగున బురదే దక్కుద్ది. రోజూ ఒక్కళ్ళే ఆఖరైతే కొట్టుకు చత్తారు గదా. అందుకని ఆఖరు కూడా వంతులేసుకున్నాం. మూత ఎవురి గుమ్మానికుంటే ఆళ్ళు ఆ రోజుకి ఆఖరు. మర్నాడు ఆళ్ళే తీసి పక్కింటికి కడతారు."

"కట్టకుండా దాచేస్తే?"

"ఎందుకు దాత్తారు? రేపు ఆళ్ళు ముందు గదా."

ఇంటికొచ్చి దీని గురించే ఆలోచిస్తూ పప్పు మాడ్చాను. నీళ్ళు పంచుకోవడం అన్ని ఊళ్ళలోనూ చూశాను. నీళ్ళు లేకపోవడాన్ని పంచుకోవడం ఇక్కడే చూశాను.

బావగారు ఫోన్ చేశారు. బెజవాడలో మా శాఖ పెద్దాఫీసులో నాకు కుర్చీ ఖాయమైందట. ఇక్కడి పని అవగానే, వచ్చే నెల ఒకటో తారీకున చేరాలి. "ఇంక ఊళ్ళు తిరిగే పన్లేదు హిమజా, ఏసీ గది," అన్నారు. వెనకనుంచి అమ్మ, "ఈసారైనా కాలు నిలవమను!"


నమోదు 5: బుధవారం

కనిపెట్టాను.

నిన్న తరగతిలో తడబడిన నలుగురినీ పక్కపక్కన నిలబెట్టి చూశాను. ఎత్తులు వేరు, ఇళ్ళు వేరు, కూర్చునే చోట్లు వేరు. నలుగురి మణికట్టుకూ మాత్రం ఎర్ర రబ్బరు బ్యాండు ఉంది. తోటకూర కట్టలకు చుట్టి వచ్చేవి. పోయిన వారం ఇవే బ్యాండ్లు వేరే నలుగురి చేతులకున్నాయి. కిటికీ పక్క పిల్లాడు వేలితో టప్ టప్ అనిపిస్తుంటే సువార్త కోప్పడడం నాకు బాగా గుర్తు. ఇవాళ వాడి చెయ్యి ఖాళీ. తాబేలు పాఠం పాటలాగా చదివాడు.

నాగమోక్ష చేతికి బ్యాండు ఉంది. 'తాబేలు' అన్న మాట కూడా రాలేదు దానికి.

సాయంత్రం ఇంటి వెనక అంకమ్మ దానికి తల దువ్వుతోంది. పడవ ఇంజన్‌కు కొత్త బ్యాటరీ వచ్చింది, దానితో ఒక కాగితం. "ఏం రాసుందో చూడవే," అంది అంకమ్మ. పిల్ల అందుకుంది. "విద్యుత్ ప్రవాహం నిలిపివేసిన అనంతరం మాత్రమే మూత తెరవవలెను. ఉప్పునీటి స్పర్శ తగలకుండా జాగ్రత్త వహించవలెను." ఎక్కడా ఆగలేదు. పేను దొరికినప్పుడు మాత్రం "అబ్బా, మెల్లిగా!" అని, మళ్ళీ ఆపిన చోటునుంచే అందుకుంది.

నేను వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. "మోక్షా, పొద్దున తాబేలు కూడా చదవలేకపోయావు. ఇప్పుడు ఇదెలా చదివావు?"

"పొద్దున నా వంతు మేడం," అనేసి నాలిక్కరుచుకుంది.

"ఏం వంతు?"

"నీళ్ళ వంతు."

"నీళ్ళ వంతు ఇవాళ చివరింటివాళ్ళది. మూత చూశాను."

"అన్నీ చూత్తారేంటండీ మీరు!" అంది విసుగ్గా.

"అదే నా ఉద్యోగం."

అంకమ్మ దువ్వెన ఆపేసింది. పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది, చివరికి చేతికున్న బ్యాండు తిప్పుకుంటూ చెప్పింది.

"ఒకటో తరగతిలో మంగతాయారు టీచరండి. అచ్చరాలన్నీ చదివేశాం. అందరి చేతా చప్పట్లు కొట్టిచ్చింది. సోమారం లేదు. రెండో తరగతిలో జోజి మాష్టారు. ఈలేసి ఎక్కాలు చెప్పేవోడు. గీత దాటేశాం. ఆయనా ఎల్లిపోయాడు, ఈల మాకు పూర్తిగా నేర్పకుండానే. నేర్చుకుంటే ఎల్లిపోతారు. నేర్చుకోపోతే ఉంటారు. అందుకని వంతులేసుకున్నాం."

"అందరూ ఒకేసారి చదవడం మానేస్తే సరిపోయేది కదా? వంతులెందుకు?"

నాకు తెలివి తక్కువని ఆ పిల్లకు అప్పుడే రూఢి అయింది. "అందరం మానేత్తే చదువెట్టా వత్తదండీ? నలుగురు తప్పితే చాలు గదా గీత దాటకుండా. ఎప్పుడూ ఆ నలుగురే అయితే ఆళ్ళని మొద్దులంటారు. పాపం గదా."

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"మీ టీచరు రోజూ బాధపడుతోంది, తెలుసా? తనకు చెప్పడం చేతకాలేదనుకుంటోంది."

పిల్ల ముఖం ఖాళీ అయిపోయింది. ఈ సంగతి దాని లెక్కలో లేదు. "కానీ, ఆవిడ ఉండాలనే గదా..." అంది. ఇంకేదో అనబోయి, బ్యాండు తీసి గుప్పిట్లో దాచుకుంది.


నమోదు 6: గురువారం

రాత్రంతా ఆనందంగా ఉండాల్సింది. ఎప్పుడూ అలాగే ఉండేది. జవాబు దొరికింది, బెజవాడ పడవ ఎక్కేయడమే. ఎందుకో ఆనందంగా లేను. అదెందుకో కూడా తెలుసుకోవాలని ఉంది.

ముందు గోడను అడిగాను. "హెచ్చెమ్ గారూ, ఒకవేళ రేపే ఈ తరగతి గీత దాటితే?"

"సువార్త గారు సోమవారం ఉప్పుగల్లుమెరకకు వెళతారు. అక్కడి పిల్లలకు ఇంకా అక్షరాలు రావు. పడవలో ఆమెకు చోటు ఉంచాను. అవసరం ఎక్కువ ఉన్న చోటికి మంచి టీచరు. ఇది మనుషులు పెట్టిన నియమం. నేను అమలు చేస్తాను."

"దాటకపోతే?"

"పిల్లలు వసతి గృహానికి. సువార్త గారు పునఃశిక్షణకు."

"నేను కారణం కనిపెట్టి చెబితే?"

"మీరు రాసి ఇచ్చిన నిమిషం నుంచి దాని ప్రకారం అమలు. చదువు వచ్చినట్టు తేలితే బదిలీ, రానట్టు తేలితే వసతి గృహం. కారణం తెలిసిందా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "అడగకండి," అన్నాను. ఆయన అడగలేదు. ఆ మర్యాదకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

"ఈ రెండూ కాకుండా ఇంకో దారి లేదా?"

"నిలుపుదల అనే అధికారం వివరణ సహాయకులకు ఉంది. దాని మీద సంతకం చేస్తే ఒక విద్యా సంవత్సరం పాటు ఆ బడిలో బదిలీలు, పిల్లల తరలింపులు ఆగిపోతాయి. ఆ బడి నిర్ణయాలు నా నుంచి ఆ సంతకం చేసిన వ్యక్తికి వెళతాయి. ఆ వ్యక్తి ఆ బడిలోనే ఉండాలి. హాజరు, టైంటేబుల్, కార్డులు, గుడ్లు, సెలవులు, గొడవలు, అన్నీ చేతితో చూసుకోవాలి. ఇప్పటిదాకా ఎవరూ వాడలేదు. అందుకే మీకు చూపించలేదు."

వాడనివాళ్ళను నేను తప్పు పట్టను. వివరణ సహాయకులందరం నాలాంటివాళ్ళమే. కారణం దొరగ్గానే సంచీ సర్దుకునేవాళ్ళం.


నమోదు 7: గురువారం, సాయంత్రం

సువార్తను రేవు చివరికి తీసుకెళ్ళాను. అక్కడ గోడ లేదు, గాలి హోరు మాత్రమే. మోక్ష చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. ఆమె కొంగు నడుముకు చుట్టింది.

"ఈ గాడిదలు! ఆర్నెల్లు నన్ను కాల్చుకు తిన్నారా! రాత్రుళ్ళు నిద్ర లేదండీ నాకు. ముందు వాళ్ళని పిలవండి. ఒక్కొక్కళ్ళ చెవి మెలేస్తా!"

పిలవక్కర్లేకపోయింది. మోక్ష అప్పటికే అందరికీ చెప్పేసినట్టుంది. తరగతి మొత్తం వలల గుట్ట వెనక నుంచి ఒక్కొక్కరే బయటకొచ్చి వరుసగా నిలబడ్డారు. సువార్త రేవులో ఉన్న పడవ చూపించింది. దాని పక్కన పేరు, నంబరు, హెచ్చరికలు, మోయగల బరువు, అన్నీ రాసి ఉన్నాయి.

"చదవండి. అందరూ. ఇప్పుడు."

చదివారు. కిటికీ పక్క పిల్లాడు చదివాడు. బ్యాండు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు చదివారు. పడవ అయిపోతే ఐసు పెట్టెల మీది రాతలు చదివారు. సువార్త కోపం ఎక్కడ జారిపోయిందో నేను కళ్ళారా చూశాను. 'అనుమతించబడదు' అన్న మాట దగ్గర ఆమె పెదాలు కూడా పిల్లలతో పాటు కదిలాయి. చివరికి అక్కడే మెట్టు మీద కూలబడి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో పిల్లలకు అర్థం కాక బిక్కచచ్చిపోయారు.

"రేపు శుక్రవారం," అంది కొంగు తీసి. "గోడ ముందు ఇలాగే చదవాలి. అందరూ."

"ఎల్లిపోతావు గదా టీచర్?" అన్నాడు కిటికీ పక్క పిల్లాడు.

"వెళ్ళిపోతాను."

"మరెందుకు చదవాల?"

"మీకు చదువొచ్చు కాబట్టి. వచ్చిన చదువు రానట్టు నటించే పిల్లల దగ్గర నేను ఉండలేనురా. నన్ను ఉంచుకోవడానికి మీరు మొద్దులవుతారా? నాకది అవమానం."

ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ కాదనలేదు. మోక్ష గుప్పిట్లో బ్యాండ్లన్నీ పోగుచేసి సువార్త చేతిలో పెట్టింది. సువార్త వాటిని పర్సులో వేసుకుంది.

పిల్లలు వెళ్ళాక నాతో అంది. "మీరు బెజవాడ ఎప్పుడెళ్తున్నారు?"

"ఒకటో తారీకు."

"మంచిది. కారణం కనిపెట్టారుగా, ఇంక మీకిక్కడేం పని?"

ఆమె మామూలుగానే అంది. నాకే ఎక్కడో గుచ్చుకుంది. మా ఇంట్లోవాళ్ళు నన్ను కుదురులేనిదాన్నంటారు. ఈ పిల్లల లెక్కలో అలాంటి మనిషికి పేరు వేరు: నేర్చుకోగానే ఎల్లిపోయేవాళ్ళు.


నమోదు 8: శుక్రవారం, పోటు మీద

పిల్లలు రాకముందే బడికి వెళ్ళాను. ఒక ప్రశ్న మిగిలిపోయింది. దానికి జవాబు తెలియకుండా సంతకం చేయకూడదు, చేయకుండా ఉండనూ కూడదు.

"హెచ్చెమ్ గారూ, మరుపు తిరగడం ఇంకే బళ్ళలోనైనా ఉందా?"

"ఇలా ఎవరూ అడగలేదు. ఏ బడి ఫలితాలు ఆ బడికే పోల్చమన్నారు. ఒక్క బడిలో చూస్తే మామూలు హెచ్చుతగ్గుల్లాగే ఉంటుంది. ఇక్కడ తేడా బాగా పెద్దది కాబట్టి ఆగి, మిమ్మల్ని పిలిపించాను."

"ఇప్పుడు అన్నీ కలిపి చూడండి."

రేకు పక్కన టైంటేబుల్ కనిపించే తెర మీద బళ్ళ పేర్లు రావడం మొదలైంది. దివిసీమ మెరకలు, ఆ పైన ఒడ్డు మీది ఊళ్ళు, నేనెప్పుడూ వినని కొండ ఊళ్ళు. పేర్లు కిందికి జారుతూనే ఉన్నాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"వీళ్ళంతా ఒకరికొకరు చెప్పుకున్నారా?" అన్నాను.

"కొన్ని బళ్ళ మధ్య పడవలున్నాయి. కొన్ని బళ్ళ మధ్య ఏ దారీ లేదు. అయితే ఇది మరుపు కాదు."

"కాదు."

"మీకు కారణం తెలుసు."

"తెలుసు. మీ నియమం వాళ్ళకు అర్థమైంది హెచ్చెమ్ గారూ. నేర్చుకుంటే టీచరు పోతుంది. అందుకని రానట్టు ఉండడానికి వంతులు వేసుకున్నారు."

"వంతు అంటే ఒకరి తరువాత ఒకరు లాభం పొందే క్రమం."

"ఇక్కడ కాదు. ఒకరి తరువాత ఒకరు నష్టపోయే క్రమం. ఒక్కడి మీదే పడకుండా."

కింద నీళ్ళు స్తంభాలను కొట్టుకుంటున్నాయి. మామూలుగా అయితే ఇక్కడే నా ఆసక్తి అయిపోవాలి. ఇవాళ అవ్వలేదు. జవాబు చెప్పాక కూడా తెలుసుకోవాల్సినవి వరసగా నిలబడి ఉన్నాయి. టీచరు ఉంటుందని తెలిస్తే పిల్లలు ఎలా చదువుతారు? జోజి మాష్టారు ఇప్పుడెక్కడ ఈల వేస్తున్నారు? కొండ ఊళ్ళలో ఎర్ర బ్యాండుకు బదులు ఏం కట్టుకుంటున్నారు?

"ఉప్పుగల్లుమెరక పిల్లలకు ఎవరు?" అన్నారు హెచ్చెమ్ గారు చివరికి. అది బెదిరింపు కాదు. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"నాకు తెలియదు. ఆ ప్రశ్నను కూడా నా పనిలో రాయండి. కారణాన్ని, ఈ బళ్ళ పేర్లన్నింటినీ కలిపి, నియమం పెట్టిన మనుషులకు నా పేరుతో పంపండి. దానికంటే ముందు నిలుపుదల తెరవండి."

"సంతకం చేస్తే బెజవాడ నియామకం రద్దవుతుంది."

"తెలుసు."

సంతకం పెట్టాను. తెర మీద టైంటేబుల్ చెరిగిపోయింది. ఖాళీ గడులు. గుడ్ల లెక్క కూడా ఖాళీ.

పిల్లలు వచ్చారు. సువార్త గోడ వైపు తిరిగి, అలవాటు ప్రకారం, "హెచ్చెమ్ గారూ, మూడో తరగతి, తెలుగు..." అని మొదలెట్టింది.

"ఈ రోజు నుంచి హిమజ గారికి చెప్పండి," అన్నారు హెచ్చెమ్ గారు.

ఆమె నా వైపు తిరిగింది. ఏం జరిగిందో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత గొంతు సవరించుకుని, "మొదలెడుతున్నానండి," అంది నాతో. చూపుడు వేలితో మోక్షకు సైగ చేసింది.

మోక్ష లేచి నిలబడింది. గోడ వైపు చూడలేదు. తాబేలు పాఠం మొదటి నుంచి చివరిదాకా చదివింది. దాని తర్వాత అందరూ.

మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె గొంతు తగ్గించి, "నిజం చెప్పు, అక్కడెవరైనా ఉన్నారా?" అంది.

"ఉన్నారమ్మా. మూడో తరగతి."

"నీకు పిచ్చి పట్టిందే!" అని ఫోన్ నాన్నకు ఇచ్చింది. నాన్న, "అక్కడ పని తేలికనా?" అన్నారు. నేను గుడ్లు లెక్కపెట్టాలి, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను.

నిలుపుదల మీద సంతకం నాది. ఈ ఏడాది గుల్లలమెరక బడి పనులు నేను చూస్తాను. బెజవాడ వెళ్ళడం లేదు.